బొగ్గుపెట్టెలో మనిషి

తాండూరు
6 జులై 2025

చి. దేవికకు అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం గురువారం అందింది. రెండు పేజీలు, నాలుగు తప్పులు. 'శ్రద్ధ'కు వత్తు ఐదో తరగతిలో మరిచిపోయావు, ఇంకా గుర్తు రాలేదు. అయినా రాస్తున్నావు, సంతోషం. ఫోన్‌లో నీ మాట నా చెవికి సగమే ఎక్కుతుంది, మిగతా సగం నేను ఊహించుకోవాలి. కాగితం మీద ఆ బాధ లేదు.

మీ అమ్మానాన్నలు గొర్రెలను తోలుకుని యాలాల్ దాటి పోయారు. వానలు సరిగా పడితే దసరాకు వస్తారట. వాళ్లు మంద వెంట తిరిగినన్నాళ్లూ నువ్వు నా దగ్గరే పెరిగావు కాబట్టి నీ మంచిచెడ్డలకు ఊరు నన్నే అడుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పేపర్లో మీ కంపెనీ సందర్శకుల కోసం నడిపే ద్రాక్షబండి బొమ్మ వచ్చింది. అనంతగిరి కొండల పక్కన, ద్రాక్ష పందిళ్ల నడుమ, పొగ వదులుతూ వంపు తిరుగుతున్న నల్లని ఇంజను. చాలాసేపు చూశాను. మీ తాత అనంతయ్య బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్‌గా చేరి డీజిల్ మీద డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆ నల్ల ఇంజను మళ్లీ చూస్తాననుకోలేదు. దాని మీద నా మనుమరాలు ఉంటుందని అసలే అనుకోలేదు. నువ్వు టీచరువి కాలేదని మూడేళ్లు నీతో ముభావంగా ఉన్నాను కదా, ఆ ముభావం ఆ బొమ్మతో పోయింది.

గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్కసారి చెప్పాను. మా రిటైర్డ్ టీచర్ల సంఘంలో ఆ బొమ్మ చూపించి, "ఈ బొగ్గు ఇంజను నడిపేది మా దేవికే" అన్నాను. అధ్యక్షురాలు స్నేహలత మేడం కళ్లద్దాలు సర్దుకుని, "ఆడపిల్ల బొగ్గు ఇంజను నడుపుడా? చూసినాకనే నమ్ముత" అంది. ఉర్దూ టీచరు ఉమ్రావ్ బేగం ఊరుకోలేదు. "చూద్దాం పదుండ్రి. ఈ బీరమ్మ నలభై ఏండ్లల్ల మొదటిసారి ఒకరిని మెచ్చుకుంది. గదే బండికన్నా పెద్ద వింత" అంది.

ఆగస్టు పదో తేదీ ఆదివారం సంఘమంతా వస్తున్నాం. ఇంజను పక్కన నిలబడు. ఫొటో తీయిస్తాను.

మీ అమ్మమ్మ
బీరమ్మ


వికారాబాద్
15 జులై 2025

అమ్మమ్మా,

నువ్వు నా గురించి నలుగురిలో చెప్పావని చదివి ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి భయమేసింది.

ఇప్పుడు రావొద్దు. వానలకు పట్టాలు తడిసి ఉంటాయి, టేకు ఆకులు రాలి జిగటగా పట్టుకుంటాయి. ద్రాక్ష కూడా ఉండదు, కాయలు వేసవిలోనే. వట్టి పందిళ్లు చూసిపోతారు.

నువ్వు ఆగవని తెలుసు. వస్తే మాత్రం ఒక మాట విను. నన్ను వెతకొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. నేను కూర్చునే చోటు బయటికి కనబడదు. ఇంజను గురించి ఎవరికీ ఏమీ చెప్పకూడదని కంపెనీ నాతో సంతకం పెట్టించుకుంది. నీకు చెప్పకుండా దాచడం నాకూ బాగాలేదు.

డిసెంబరుకు నాకు ఏడాది నిండుతుంది. అప్పుడు ఏడాది పాటు ఇంజను నడిపినట్టు సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతిలో ఉంటే తాండూరు చుట్టుపక్కల సిమెంటు కంపెనీల సొంత రైలు పట్టాల మీద, ఆ సైడింగులలో, నిజమైన ఇంజను మీద పని అడగొచ్చు. అది లేకపోతే నేను రెంచీ పట్టుకోవడం వచ్చిన ఒక అమ్మాయిని, అంతే. డిసెంబరు దాకా నాకు ఏ మచ్చా రాకూడదు. ఆ తర్వాత నీకు అన్నీ చెప్తాను.

మందులు టైముకు వేసుకో. శ్రద్ధగా. (వత్తు పెట్టాను, చూసుకో.)

దేవిక


తాండూరు
13 ఆగస్టు 2025

చి. దేవికకు,

ఆదివారం వచ్చి వెళ్లాం.

మీ కంపెనీ వాళ్లు ప్రజలను మోసం చేస్తున్నారు. అది బొగ్గు ఇంజను కాదు, రేకు బొమ్మ. నేను దగ్గరికి వెళ్లి చూశాను. పొయ్యి తలుపు తెరుచుకోదు. బాయిలరు మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. పొగగొట్టంలోంచి వచ్చేది పెళ్లి మంటపాల్లో వదిలే తెల్లని పొగ. కూత స్పీకరులోంచి వస్తోంది. వెనక పెట్టెలో బొగ్గని పోసినవి మన తాండూరు నాపరాతి ముక్కలు. నల్లరంగు వేశారు. ఈ ఊరి దాన్ని, నాకు ఆ రాయి తెలియదా?

ముందు నిలబడి తాడు లాగుతున్నది పెద్ద మీసాల మనిషి. మెడకు ఎర్ర గుడ్డ, ముఖాన మసి. అందరూ అతనితో ఫొటోలు దిగారు. "మీ పిల్లకు మీసాలు ఎప్పుడొచ్చినయి టీచర్?" అని ఒకామె అడిగింది. నువ్వు సెలవు పెట్టావని చెప్పి గట్టెక్కాను.

గ్లాసుల్లో ద్రాక్షరసమని ఇచ్చారు. ఉమ్రావ్ బేగం వాసన చూసి, వట్టి ఎసెన్సు నీళ్లని కిటికీలోంచి పారబోసింది.

కొండ ఎక్కుడు మీద బండి కాసేపు ఆగిపోయింది. తిరిగొచ్చాక స్నేహలత మేడం సంఘం తరఫున ఫిర్యాదు పంపాలంది. కంపెనీకి ఒకటి, జిల్లా ఆఫీసుకు ఒక నకలు. కార్యదర్శిని కాబట్టి నేనే రాసి సంతకం చేశాను. ఇందులో నీ పేరు ఎక్కడా లేదు, నీకేమీ ఇబ్బంది రాదు.

నువ్వు ఇలాంటి చోట ఎందుకున్నావో నాకు అర్థం కాలేదు. వెంటనే జవాబు రాయి.

బీరమ్మ


వికారాబాద్
25 ఆగస్టు 2025

గౌరవనీయులైన బీరమ్మ టీచర్ గారికి,

నమస్కారాలు. వెంటనే జవాబు రాయమన్నారు. మూడు కాగితాలు చించేసి ఇది నాలుగోది రాస్తున్నాను.

మీరు చూసింది నిజమే. ముందున్నది రేకు బొమ్మ. అసలు ఇంజను దాని వెనక బొగ్గుపెట్టెలో ఉంటుంది. ఒక చక్కెర మిల్లులో పని చేసిన పాత డీజిలు. దాని మీద రేకు కప్పి, రేకు మీద మీ తాండూరు రాళ్లు పోశారు. ఆ రేకు కింద ఒక ఇనుప పీట ఉంది. నేను అక్కడ కూర్చుంటాను. ముందు చూడటానికి మూరెడు సందు ఉంది. ఆ మీసాల ఆయన బాల్‌రాజ్ అన్న, నాటకాల్లో వేషాలు కట్టినవాడు. తాడు లాగితే కూత వస్తుంది, అంతకు మించి ఆయన చేతిలో ఏమీ లేదు. పాపం, మంచివాడు. ఎదురుగా పశువులు వస్తే కాలితో రేకు తన్ని చెప్తాడు.

జనం చూస్తుండగా పెట్టెలోంచి బయటికి రాకూడదు. అది మొదటి రూలు. ఆ ఆదివారం తుంపర పడి, ఆకులు నలిగి పట్టాలు సబ్బులా అయ్యాయి. ఎక్కుడు మీద చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. బండి వెనక్కి జారబోయింది. బ్రేకు వేశాను. చక్రాలకు పట్టు దొరకడానికి ఇసుక వదిలే గొట్టాలను రేకు కప్పేటప్పుడు కోసేశారు. నా దగ్గర సంచిలో పొడి ఇసుక ఉంది. నేను దిగకపోతే బండి కదలదు. దిగాను. చక్రాల ముందు చేత్తో ఇసుక పోసుకుంటూ పోయాను. మొదటి డబ్బా కిటికీలో మీరు కనిపించారు.

మీరు నన్ను చూశారు. నేనూ మిమ్మల్ని చూశాను. స్నేహలత మేడం "బీరమ్మా, గా పొల్ల మీ దేవికనా ఏంది?" అని అడిగింది. మీరు "కాదు కాదు, ఎవరో కూలి పిల్ల" అన్నారు. కిటికీ తెరిచే ఉంది.

మీ ఉత్తరంలో "బండి కాసేపు ఆగిపోయింది" అని మాత్రమే ఉంది.

ఫిర్యాదు మేనేజరు పరమేశ్ సార్ నాకు చదివి వినిపించారు. "శిక్షణ లేని కూలి పిల్ల ఒకతె అజ్ఞానంతో పట్టాలపై ఇసుక చల్లి ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమాడినది." చేతిరాత ఎవరిదో ఆయన చెప్పక్కర్లేదు. నేను అక్షరాలు దిద్దుకున్నది ఆ రాత మీదనే.

జిల్లా ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. నన్ను ఇంజను మీది నుంచి దించారు. ఇప్పుడు డబ్బాల్లో నీళ్ల సీసాలు పంచుతున్నాను. ఇలాగే ఉంటే డిసెంబరుకు ఏడాది నిండదు.

ఇట్లు
ఎవరో కూలి పిల్ల


తాండూరు
5 సెప్టెంబరు 2025

దేవికా,

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టాను. మళ్లీ తీశాను. ఈసారి ఒక్క తప్పు కూడా లేదు. దిద్దడానికి నాకేమీ మిగల్చలేదు.

పిలవొద్దని నువ్వే అన్నావు కదా అని మొదట ఒక సాకు పట్టుకున్నాను. అది నిలవలేదు. పిలవకపోవడం వేరు, ఎవరో అనడం వేరు. జరిగింది ఇది. నీ ముఖం నిండా నూనె, జుట్టులో తుప్పు, మగవాళ్ల ప్యాంటు. చేతులతో మట్టి తోడినట్టు ఇసుక తోడుతున్నావు. స్నేహలత మేడం పక్కనే ఉంది. ఆమె ఇంటి పిల్లలు డాక్టర్లు. మా నాన్న గొర్రెలు కాసిన చేత్తో నన్ను బడికి పంపితే, బడిలో ఆ చేతిని చూసి నవ్విన పిల్లలు ఒక్క క్షణంలో గుర్తొచ్చారు. నోట్లోంచి మాట వచ్చేసింది.

మాట జారింది అంటే ఒక క్షణం తప్పు అనుకోవచ్చు. ఫిర్యాదు క్షణంలో రాసింది కాదు. ముందు చిత్తు రాసి, తర్వాత బాగు రాశాను. "అజ్ఞానంతో" అనే మాట నేనే వెతికి పెట్టాను. ఇసుక చల్లడం అజ్ఞానం కాదని ఈ తాండూరులో నాకంటే బాగా తెలిసిన ఆడది లేదు. వానాకాలంలో మీ తాత కాగ్నా వాగు ఇసుక తెస్తే జల్లించి పెనం మీద వేయించి సంచిలో పోసి ఇచ్చినదాన్ని నేను. "తడి ఇసుక బురద, పొడి ఇసుక ప్రాణం" అనేవాడు. నిన్ను ఎవరో చేశాక, ఆ ఎవరోను మూర్ఖురాలిని చేస్తే తప్ప నా మాట నిలబడలేదు. అందుకే ఆ మాట పెట్టాను.

మంగళవారం సంఘంలో లేచి చెప్పాను. ఆ రోజు పెట్టెలోంచి దిగింది నా మనుమరాలు, ఫిర్యాదు అబద్ధం అన్నాను. స్నేహలత మేడం ముఖం తిప్పుకుంది. "మమ్మల్ని గూడ అబద్ధాలోళ్లను చేస్తివి గద టీచర్" అంది. ఉమ్రావ్ బేగం మాత్రం, "నాకు ఆ దినమే ఎరుకైంది బీరమ్మా. మసి పూసుకుంటే ముక్కు మారుతదా? అచ్చం నీ ముక్కే. నువ్వే ఎప్పుడు చెప్తవో అని చూస్తున్న" అంది. అందరూ నవ్వారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

మర్నాడు బస్సెక్కి మీ ఆఫీసుకు వచ్చాను. పరమేశ్ కుర్చీ వేసి టీ ఇచ్చాడు. "మేడం, ఫిర్యాదు వాపసు తీసుకుంటే మస్తు సంతోషం. కానీ ఒక్క ముక్క రాయాలె. పెట్టెలకెళ్లి ఎవ్వరు దిగలే, మేం పొరపాటు పడ్డం అని. పెట్టెల మనిషున్నదంటే ఎందుకు దాచిన్రు, గొట్టాలెందుకు కోసిన్రు అని నన్ను పీక్కుతింటరు" అన్నాడు.

నేను రాయనన్నాను. నిన్ను రెండోసారి లేకుండా చేయలేను. అక్కడే కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాశాను. పెట్టెలో డ్రైవరు ఉంది, ఆమె పేరు దేవిక, ఆమె నా మనుమరాలు, ఆమె ఇసుక చల్లడం వల్లే బండి జారకుండా పైకి పోయింది. కంపెనీకి ఒకటి ఇచ్చి, జిల్లా ఆఫీసులో ఒకటి ఇచ్చి వచ్చాను. బండి దగ్గర నువ్వు సీసాలు పంచుతూ కనిపించావు. ముఖం చూపలేక వెనుదిరిగాను.

ఇక నీకు న్యాయం జరుగుతుంది.

అమ్మమ్మ


వికారాబాద్
11 సెప్టెంబరు 2025

అమ్మమ్మా,

నేను మాట్లాడే భాషలనే రాస్తున్న. తప్పులు నువ్వు దిద్దుకో.

న్యాయం జరిగింది. సీసాల పని గూడ పోయింది. నెలాఖరుకు హాస్టల్ రూం ఖాళీ చెయ్యమన్నరు. నువ్వు రాసిన కాగితం జిల్లా ఆఫీసుల ఉన్నది కదా, పెట్టెల మనిషున్నదని. ఇగ నన్ను పెట్టెల కూసోబెడితే కంపెనీ మునుగుతది. కూసోబెట్టకుంటే నేను మునుగుత. వాళ్లు దేన్ని ఎంచుకుంటరో చెప్పనక్కర్లే.

పరమేశ్ సార్ గా ఒక్క ముక్క అడిగినప్పుడు నేను ముప్పై అడుగుల దూరంల ఉన్న. నువ్వు బయటికొచ్చి, "బిడ్డా, గిట్ల అడుగుతున్నరు, ఏం రాయమంటవు?" అని ఒక్కమాట అడిగితే సరిపోతుండె. రాయి అమ్మమ్మా అనేదాన్ని. నాకు పెట్టెల కూసునుడు నామోషీ కాదు. చీకట్ల ఆ ఇంజను నా చేతికింద ఎట్ల గుర్రుమంటదో నువ్వు వినలే. బయట ఎవ్వరు చేతులూపినా, బండి నేను చెప్పినట్టే పోతది. నాకు అది చాలు. కావాల్సింది ఆ ఏడాది.

గా రోజు నీ పరువు కోసం నేను ఎవరో అయిన. ఇయ్యాల నీ పరువు కోసమే నీ మనుమరాలినైన. రెండుసార్లూ నన్ను అడగలే.

బాల్‌రాజ్ అన్న నాకోసం మేనేజరుతోని కొట్లాడుతుండు. "పిల్ల లేకుంటే నా మీసాలతోని బండి నడుస్తదా?" అంటుండు. నువ్వు ఇంకేం చెయ్యకు. ఎవ్వరికేం రాయకు.

దేవిక


తాండూరు
15 సెప్టెంబరు 2025

దేవికా,

నువ్వు రాసినదాంట్లో దిద్దవలసింది ఏమీ లేదు.

నా తరగతిలో ఏ పిల్లయినా తప్పు చేస్తే ముందు "ఎందుకు చేశావు?" అని అడిగేదాన్ని. ఏం కావాలని ఎవర్నీ అడిగిన గుర్తు లేదు. నిన్ను కూడా.

నువ్వు చెప్పేదాకా ఏమీ చేయను. నీకు ఏం కావాలో చెప్పు. ఏం రాయాలో నువ్వే చెప్పు, నేను రాస్తాను. ఏమీ వద్దంటే అది కూడా రాసి పంపు. ఉత్తరం రాకపోతే దానికీ నేను తగినదాన్నే.

అమ్మమ్మ


వికారాబాద్
28 సెప్టెంబరు 2025

అమ్మమ్మా,

ఆలస్యమైంది. ఒక పని పూర్తయ్యాకే రాద్దామని ఆగాను.

బాల్‌రాజ్ అన్న తాడు వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. ఇంకో డ్రైవరును తెచ్చారు, ఎక్కుడు మీద రెండుసార్లు బండి ఆపేశాడు. దసరా రద్దీ మొదలయింది. పరమేశ్ సార్ నన్ను పిలిచారు. నేను ఒక షరతు పెట్టాను. ఇసుక గొట్టాలు మళ్లీ బిగించాలి. పెట్టెలోంచే ఇసుక పడాలి, ఇంక ఎవరూ దిగే పని ఉండకూడదు. నిన్న బిగించారు. నేనే కింద పడుకుని నట్లు బిగించాను, తడి పట్టాల మీద నడిపి చూశాను. బాగా పడుతోంది. పోయిన రోజులు కూడా కలిపి డిసెంబరులోనే సర్టిఫికెట్ ఇస్తామని ఒప్పుకున్నారు.

వాళ్ల షరతు మునుపటిదే. నీ రెండు కాగితాలూ వాపసు కావాలి. ఏం రాయాలో చెప్పమన్నావు కదా. ఇలా రాయి:

"ఆగస్టు పదో తేదీన బొగ్గుపెట్టెలో నుంచి ఎవరూ దిగలేదు. పెద్ద వయసు వల్ల నా కంటికి సరిగా కనబడక పొరపాటుగా రాశాను. నా మనుమరాలు ఆ ఇంజనుపై పని చేయడం లేదు. నా రెండు కాగితాలనూ రద్దు చేయగలరు."

కింద సంతకం ఎప్పటిలాగే చేయి.

నీకు ఇది కష్టమని తెలుసు. ఇష్టం లేకపోతే రాయకు. నేను అడుగుతున్నాను, అంతే.

దేవిక


తాండూరు
7 అక్టోబరు 2025

చి. దేవికకు అమ్మమ్మ ఆశీస్సులు.

నిన్న వికారాబాద్ వచ్చి నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసి ఇచ్చాను. ముప్పై ఆరేళ్లు పిల్లలకు నేను చెబితే వాళ్లు రాశారు. నిన్న నువ్వు చెబితే నేను రాశాను. ఒక్క మాట మార్చలేదు. "కంటికి సరిగా కనబడక" అన్నచోట కలం ఆగింది. నాకు చెవే సరిగా లేదు గానీ కన్ను బాగుంది. నువ్వు పట్టాల మీద వంగి ఉండటం ఎంత స్పష్టంగా చూశానో నాకు తెలుసు. అయినా రాశాను. జీవితంలో తెలిసి తెలిసి రాసిన అబద్ధాలు ఫిర్యాదుతో మొదలయ్యాయి, దీనితో రెండయ్యాయి. మొదటిది రాసినప్పుడు సిగ్గు కలగలేదు. ఇది రాస్తుంటే చెవులు కాలిపోయాయి.

పరమేశ్ చదువుకుని, "పెద్దమనసు మేడం మీది" అన్నాడు. నకలు పట్టుకుని లేచాను. జిల్లా ఆఫీసులో గుమాస్తా కాగితం తీసుకుని, "ఏందమ్మా, పోయిన నెల ఒక తీరు, ఈ నెల ఒక తీరు రాస్తివి. టీచరువేనా నువ్వు?" అని అందరూ వినేలా అన్నాడు. అవునన్నాను.

తిరిగి వచ్చి టికెట్ కొనుక్కుని బండెక్కాను. నిన్ను వెతకలేదు, పిలవలేదు. మొదటి డబ్బాలో పెట్టెకు ఆనుకుని ఉన్న సీటు అడిగి తీసుకున్నాను. బాల్‌రాజ్ తాడు లాగాడు, పిల్లలు కేకలు వేశారు. కూత వచ్చిన వైపు నేను చూడలేదు. రేకుకు వీపు ఆనించాను. చెవికి సరిగా ఎక్కదు నాకు, కానీ ఆ గుర్రుమనడం వీపులోకి వచ్చింది. ఎక్కుడు మీద బండి ఒక్కసారి తడబడి, నిలదొక్కుకుని, పైకి పోయింది. నువ్వు ఇసుక వదిలావని నాకు తెలిసింది. ఆ డబ్బాలో ఇంకెవరికీ తెలియలేదు.

పక్క సీటులో కొడంగల్ నుంచి వచ్చిన ఒకామె తన పిల్లలకు ఇంజనును చూపిస్తోంది. నన్ను మోచేత్తో తట్టి, గట్టిగా అడిగింది.

"పెద్దమ్మా, గీ బండి నడిపేది గా మీసాలాయననేనా?"

నీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"అవునమ్మా, ఆయనే" అన్నాను.

ఈసారి నిన్ను అడిగే అన్నాను.

నీ అమ్మమ్మ
బీరమ్మ